రెండు ఎకో రిపోర్టులు

లీలావతి రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సు. కూతురు రేచల్‌కి పన్నెండో ఏట కీళ్లనొప్పులతో జ్వరం వచ్చింది. అదే ఆసుపత్రి డాక్టరు వీరేంద్ర స్టెతస్కోపు పెట్టి, గుండెలో మర్మర్ శబ్దం ఉందన్నాడు. గుండెకి ఎకో స్కాన్ తీయించి, వాల్వు కొద్దిగా లీకవుతోంది, కీళ్లతోపాటు గుండెనీ దెబ్బతీసే రుమాటిక్ జబ్బే అని తేల్చాడు. ఆటలు బంద్. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్. ఐదేళ్లపాటు ఆ ఇంజక్షన్లు లీలావతే వేసింది.

పదిహేడో ఏట రేచల్ నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. అక్కడి వైద్య పరీక్షలోనూ మర్మర్ వినిపించింది. కానీ కొత్త ఎకోలో గుండె మామూలుగానే ఉందని వచ్చింది. పాత రిపోర్టు, కొత్తది, వీటిలో ఏది నిజమో తేల్చుకు రమ్మని కాలేజీవాళ్లు సీటు ఆపారు.

లీలావతి రెండు రిపోర్టులూ, పాత ఎకో సీడీ పట్టుకుని గుండె డాక్టరు సుభద్ర దగ్గరికి వెళ్లింది. ఆవిడ రేచల్‌ని పడుకోబెట్టి విన్నారు, నిలబెట్టి విన్నారు. స్వయంగా మళ్లీ ఎకో తీశారు.

“నిలబడితే ఈ శబ్దం దాదాపు పోతోంది. మర్మర్ అంటే రక్తం పారే చప్పుడమ్మా. ఆరోగ్యంగా ఉన్న గుండెలోనూ వినిపిస్తుంది. పాత సీడీలో కనిపించిన పిసరంత లీకు చాలామందికి ఉంటుంది. వాల్వు అప్పుడూ బాగానే ఉంది.”

“మరి ఆ కీళ్లనొప్పులు?”

“ఎన్నో జ్వరాల్లో వస్తాయి. రుమాటిక్ అని తేల్చే రక్తపరీక్ష ఈ ఫైల్లో లేదు. ఇంజక్షన్లు ఆపేయండి.”

బయటికి రాగానే రేచల్ తల్లి చెయ్యి విదిలించుకుంది.

“నేను ఏడుస్తుంటే కాళ్లు అదిమిపట్టి పొడిచావు మమ్మీ! నర్సువి కదా, ఇంకో డాక్టర్‌ని ఎందుకు అడగలేదు?”

లీలావతి తిన్నగా తన ఆసుపత్రికి వెళ్లింది. వీరేంద్ర గదిలోకి నడిచింది. రేచల్ వెనకాలే వచ్చింది.

కాగితాలు చూసి అతను నవ్వాడు. “అరే సిస్టర్, సేఫ్ సైడ్ కోసం ఇచ్చాం. నుక్సాన్ ఏముంది?”

“నుక్సానా? మెట్లెక్కితే గుండె ఆగిపోతుందని నా పిల్ల ఐదేళ్లు భయపడింది. రెండో ఏడే మళ్లీ ఎకో తీద్దామని అడిగాను. జరూరత్ లేదన్నారు. మీ కింద పనిచేసేదాన్నని నోరు మూసుకున్నాను. అది నా తప్పు. మీ తప్పు మీరు రాసివ్వండి.”

“అలా రాయడం కుదరదు.”

లీలావతి తలుపు బార్లా తీసింది. బయట పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పదిమంది తల్లులు కూర్చున్నారు.

“కుదరకపోతే వీళ్లందరి ముందూ అడుగుతాను సార్.”

వీరేంద్ర మొహం కందగడ్డలా అయింది. అయినా కలం తీశాడు. రుమాటిక్ జబ్బు లేదని, అప్పటి నిర్ణయం పొరపాటని రాసి సంతకం చేశాడు.

రేచల్ ఆ కాగితం చదివింది.

“తప్పయిపోయింది తల్లీ, మాఫ్ చెయ్యి,” అంది లీలావతి.

“ఇప్పుడు నాతో మాట్లాడకు.”

సీటు వచ్చింది. లీలావతి ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసి వేరే ఆసుపత్రిలో చేరింది. రేచల్ మాత్రం హాస్టల్‌కి వెళ్లే రోజుదాకా తల్లితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.