ఒక దీపం తక్కువ

సంధ్యారాణి హైదరాబాదు బైబిల్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతోంది. దేవుణ్ణి ఆడవాళ్ల కళ్లతో చూడాలంటూ రెండు పుస్తకాలూ రాసింది. అయినా తను పుట్టిపెరిగిన గోదావరిఖని చర్చిలో పుల్పిట్ ఎక్కి ప్రసంగించడానికి సంఘ పెద్ద సదయ్య ఇన్నాళ్లకు ఒప్పుకున్నాడు. అదీ పది నిమిషాలకే.

"మంచిగ చెప్తెనే రేపు ఇంకో ఆడామె ఎక్కుడు. లేకుంటె ఇంతే," అని ముందే తేల్చేశాడు. దేవుణ్ణయినా ఒప్పించవచ్చుగానీ సదయ్యను ఒప్పించడం కష్టం.

ఆమె ఎంచుకున్నది యేసు చెప్పిన నాణెం కథ. పదింటిలో ఒకటి పోతే ఒకామె దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగును పిలిచి సంబరపడుతుంది. దేవుడూ ఆమెలాంటివాడేనని చెప్పడం సులువే. కానీ ఒక్క నాణేనికి వాడకట్టంతా ఎందుకు సంబరపడాలి? ఈ ప్రశ్న ఆమెను ఏళ్లుగా తొలుస్తోంది.

శనివారం, అదే చర్చికొచ్చే చిన్ననాటి పొరుగింటి మల్లక్క కంపెనీ క్వార్టర్‌కు వెళ్లి అదే అడిగింది. భర్త రాయమల్లు బొగ్గుగనిలో పైకప్పు కూలి చనిపోయాక మల్లక్కకు ల్యాంపు రూములో ఉద్యోగమిచ్చారు. లోపలికి దిగేవాళ్లకు తలదీపాలిచ్చి, పైకొచ్చాక లెక్కచూసి తీసుకోవడం ఆమె పని.

"నాణెం సంగతి నాకెర్క లేదు చెల్లె," అంది మల్లక్క చాయ్ పోస్తూ. "షిఫ్టు అయినంక ఒక్క దీపం రాలేదనుకో, మనిషి ఇంక లోపలున్నట్టే. ఇగ ఎవ్వరు ఇంటికి పోరు. అందరు బొగ్గుబాయి కాడ్నే నిలవడ్తరు. మా ఆయనప్పుడు గట్లనే నిలవడ్డరు." గ్లాసు చేతికిచ్చింది. "మనిషి దొరికితె అందరెందుకు సంబరపడరు? ఎదురుచూసింది అందరు గద."

సంధ్యారాణి చాయ్ తాగడం మరిచిపోయింది. సంతోషమూ వేసింది, ఇన్నేళ్లూ తనకు తట్టనందుకు కొంచెం సిగ్గూ వేసింది.

ఆదివారం పుల్పిట్ ఎక్కి కథ చదివింది. "దీని అర్థం నాకు చెప్పిన మనిషే మీకూ చెబుతుంది," అంటూ మల్లక్కను పైకి పిలిచి, తను దిగిపోయింది. దక్కిన ఒక్క అవకాశమూ చేజారవచ్చని ఆమెకు తెలుసు. సదయ్య మొహం మాడ్చుకున్నాడు.

మల్లక్క మైకు ముందు నిలబడింది. ల్యాంపు రూము అలవాటుకొద్దీ ఒక్కో బెంచీ చూస్తూ మనుషులను లెక్కపెడుతోంది.

"మూడో బెంచీల కూసునే సారవ్వ లేదు," అంది చివరికి. "మూడు వారాలాయె. ఎవ్వలన్న పోయి చూసిన్రా?"

సదయ్య లేచాడు. ఆపేస్తాడనే అనుకుంది సంధ్యారాణి. ఆయన గుమ్మం దాకా నడిచి చెప్పులేసుకున్నాడు. మల్లక్క వైపు తిరిగాడు.

"ఆమె క్వార్టర్ ఏ లైన్ల ఉంది, మల్లక్కా?" అని అడిగాడు.