నవ్వొచ్చేటట్టు రాయి

"ఊరందర్నీ నవ్వించేదానివి, తెల్లగడ్డలు ఒలిచేటప్పుడు మొగం అట్ల పెట్టుకుంటావేందే?" అంది మరియమ్మ, కోడలి ముందున్న పళ్ళెంలోకి ఇంకో నాలుగు గడ్డలు పడేస్తూ. అత్తగారు వేళాకోళానికే అంది. ఎలిజబెత్ అలవాటు ప్రకారం నవ్వేసింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు కూరలో ఉప్పులాంటిది. ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టదు, ఒక్కపూట తగ్గిందా, ఇంటిల్లిపాదీ అడుగుతారు.

అప్పుడే ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది. అక్కడి కాలేజీలో తెలుగు చెప్పే సుకన్య. పాఠకులంతా కలిసి సభ పెట్టుకుంటున్నారట.

"పదైదు నిమిషాలు మాట్లాడండి మేడం, సాలు. కథలు రాసేవాళ్ళు తలా ఒక దోవ పడతారు కదా. మీరు హాస్యం దోవ ఎట్ల పట్టినారో చెప్పండి. మీరు మా ఊరి ఆడబిడ్డ, మా పిల్లోళ్ళకు అందరికీ మీ బిర్యానీ కథంటే పిచ్చి."

ఎలిజబెత్ వంటింట్లోంచి పెరట్లోకి నడిచి, గొంతు తగ్గించి అంది. "వస్తా. అయితే నాకొక పని చేసిపెట్టాల. ఆడ హైస్కూల్లో ప్రవీణ్ సారని ఉన్నాడు, నా తమ్ముడు. ఆయప్పను మీరే పిలవండి. నేను పిలిస్తే రాడు."

రచయితలు తమ దోవ గురించి చెప్పుకునే మాటలు ఆమె ఆదివారం సంచికల్లో చాలా చదివింది. ఒకాయనకు చిన్నప్పుడు అవ్వ చెప్పిన దయ్యాల కథలట. ఇంకొకామెకు అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలట. అందరూ తమకు నచ్చింది తామే ఏరుకున్నట్టు మాట్లాడతారు, అదృష్టవంతులు. ఎలిజబెత్‌కు హాస్యం సంబంధం కుదిరినట్టు కుదిరింది. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, తర్వాత ఆమెకు చెప్పారు.

ఆరేళ్ళ కిందటి మే నెల. నంద్యాలలో కొత్త ఇల్లు, గృహప్రతిష్ఠ కూడిక. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశాక సంఘమంతా ఆ ఇంట్లోనే భోంచేయాలి. ఆ వంట ఇంటి కోడలి చేతి మీదుగానే జరగాలన్నది మరియమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టింపు. "కూలికొచ్చినోళ్ళ చేతి కూడు పెట్టి ఇల్లు దేవునికి ఒప్పజెప్తారా ఎవరన్నా?" అనేది. అందుకని అరవై మందికి బిర్యానీ ఎలిజబెత్ ఒక్కతే వండింది. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి దగ్గరికెళ్ళింది. కొత్త ఇంటికి దారి అడిగేవాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, పనికి అడ్డమని ఆమె ఫోన్‌ను భర్త మత్తయి తన జేబులో వేసుకున్నాడు.

ఎనిమిదింటికి ఆ ఫోన్‌కే ప్రవీణ్ చేశాడు. అమ్మ పోయింది.

"చెప్తా అప్పా, బయల్దేరి వచ్చేస్తాం," అన్నాడు మత్తయి. అని, వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. బియ్యం సగం ఉడికింది. మాంసం మసాలాలో నానుతోంది. వెనక్కెళ్ళి తల్లితో గుసగుసలాడాడు. చెప్తే కూలబడిపోతుంది, అరవై మందికి ఎవరు పెడతారు, కూడిక కానీ అనుకున్నారు తల్లీ కొడుకూ. ఎలిజబెత్ మధ్యాహ్నం దాకా వండింది. ఆ తర్వాత చెమట కారుతున్న ముఖంతో ప్రతి వరుసకూ తిరిగి, ఇంకొంచెం పెట్టించుకోండని బతిమాలింది. అమ్మ చచ్చిపోయి ఏడు గంటలు కావస్తున్నా ఆమె నవ్వుతూ వడ్డిస్తూనే ఉంది. ఇప్పటికీ ఆమె మరిచిపోలేనిది ఆ నవ్వే.

మూడింటికి చెప్పారు. కారులో మరియమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "సంసారం గుట్టు, రోగం రట్టు. ఒక్క పూట మాట కోసరం మొగుణ్ణి నీ తోడబుట్టినోని ముందర దోషిని చేస్తావా? నిదానంగా ఆలోచించుకో."

ఆళ్లగడ్డ చేరేసరికి భూస్థాపన అయిపోయింది. మే ఎండకు శవం ఆగదన్నారట. అక్కడి అయ్యగారికి సాయంత్రం ఇంకో ఊళ్ళో ఆరాధన ఉందట. అక్క కోసం ప్రవీణ్ మధ్యాహ్నం రెండింటిదాకా పెట్టె మూత వేయనివ్వలేదని తర్వాత ఎవరో చెప్పారు. సమాధుల తోటలో పచ్చి మన్ను పక్కన నిలబడి, అతను అక్క బట్టలు వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చి ఒకే మాట అడిగాడు. "బిర్యానీ బాగ కుదిరిందా అక్కా?"

పొద్దున్నే తెలిసీ అక్క వంటలోనే ఉండిపోయిందనుకుంటున్నాడు. ఎలిజబెత్ నోరు తెరిచింది. వెనక మత్తయి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ రాత్రికి తిరిగి పోవలసింది అతని ఇంటికే. నోరు మూసుకుంది. ఆరేళ్ళుగా ఆమె తనను తాను తిట్టుకుంటున్నది అక్కడే. పిరికిదాన్ని, అనుకుంటుంది, ఉట్టి పిరికిదాన్ని.

నెల తిరిగాక, కూతురు వదిలేసిన స్కూలు నోటుబుక్కులో జరిగింది జరిగినట్టు రాసింది. కథ రాయడం అదే మొదలు. తమ్ముడికి పంపాలని రాసింది. పంపేలోగా మత్తయి చూశాడు. "ఏందీ ఇది? మేం మనుషులం కామా?" అన్నాడు. మరియమ్మ రెండు రోజులు కంచం ముట్టలేదు. అయ్యగారు వచ్చి, ఈ బిడ్డ మనసులో మొలిచిన చేదు వేరును పెరికివేయమని దేవుణ్ణి అడిగాడు. ప్రార్థన అయ్యాక కాఫీ తాగాడు. ఆ కాఫీ పెట్టింది కూడా ఆమే.

ఆ సాయంత్రం మత్తయి మంచిగానే చెప్పాడు. "నిన్ను రాయొద్దని ఎవురన్నారు? రాసుకో. అయితే నవ్వొచ్చేటట్టు రాయి."

రాసింది. అమ్మను తీసేసింది. ఫోన్ చేసేది బిర్యానీ కొలతలు అడిగే ఒక పిన్నత్త అయింది. దమ్ము చెడిపోతుందని ఫోన్ దాచిపెట్టే మొగుడు అమాయకుడైన భోజనప్రియుడయ్యాడు. మత్తయి చదివి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు, తనే టైపు చేసి పత్రికకు పంపాడు. అచ్చయిన ఆదివారం ఆఫీసులో అందరికీ చూపించాడు. అది ఆళ్లగడ్డకూ చేరింది. ఆ వారం నుంచి ప్రవీణ్ అక్క ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ తర్వాత ముప్పై కథలు. కంచం గోడకు తగిలిన రోజు 'ఎగిరే పళ్ళెం' అయింది. పురుడు పోసుకున్న పదో రోజున బావి దగ్గర దుప్పట్లు ఉతికిన ఉదంతం 'బాలింత బలం' అయింది. దెబ్బ తగిలిన చోటల్లా ఒక జోకు మొలిచింది. జనం ఆమెను హాస్య రచయిత్రి అన్నారు.

సభ రోజున మత్తయి కొత్త చొక్కా తొడుక్కుని వెంట వచ్చాడు. ఆళ్లగడ్డలో బస్సు దిగగానే శిల్పుల షెడ్ల నుంచి ఉలి చప్పుళ్ళు, రాతి దుమ్ము. హాలు నిండా మనుషులు. మత్తయిని ముందు వరుసలో కూర్చోబెట్టారు. చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో ప్రవీణ్. జుట్టు నెరిసింది. వచ్చాడు, అదే చాలు. ఇవాళ చెప్పేయాలి. ఇంటికెళ్ళాక ఏమైనా కానీ, వాడికి తెలియాలి.

"నేను హాస్యం ఎట్ల రాయబట్టినానంటే," అని మొదలుపెట్టింది. "ఆ పొద్దు మా ఇంట్లో అరవై మందికి బిర్యానీ." ఆ ఒక్క మాటకే హాలంతా చిరునవ్వులు. చదివినవాళ్ళే అందరూ. "నా ఫోను మా ఆయన జేబులో ఉండె. ఎనిమిదికి మా తమ్ముడు చేసినాడు. మా అమ్మ సచ్చిపోయిందని. మా ఆయన నాకు చెప్పలేదు. అందరూ తిని చేతులు కడుక్కున్నాంక చెప్పినాడు."

ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. చివరి వరుసలో ప్రవీణ్ మెల్లగా తలెత్తాడు. అక్క కళ్ళలోకి చూశాడు, ఆరేళ్ళ తర్వాత.

అప్పుడు ముందు వరుసలోంచి పకపకా నవ్వు వినిపించింది. మత్తయి తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. ఇంటాయనే అంతగా నవ్వుతుంటే ఇంకేం, హాలంతా తేరుకుని గొల్లుమంది. "నవ్వొద్దండి, నిజం చెప్తాండా," అంది ఎలిజబెత్. ఇంకా గట్టిగా నవ్వారు. "మా అమ్మ మీద ఒట్టు," అంది. చప్పట్లు కొట్టారు.

ప్రవీణ్ లేచి బయటికి నడిచాడు. ఆమె మైకు వదిలేసి పరుగున గేటు దగ్గరికి చేరింది. అతను వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అమ్మను ఇంగెన్నిసార్లు నవ్వులపాలు చేస్తావక్కా?" స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. సుకన్య శాలువా పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

తిరుగు బస్సు శిరివెళ్ళ ఊరు దాటింది. ఎలిజబెత్ అడిగింది. "అది జరిగిందే అని ఆడ తెలిసినోళ్ళు మీరొక్కరే. మీరెందుకు నవ్వినారు?"

"ఎవురో ఒకరు నవ్వకపోతే," అని మొదలుపెట్టి మత్తయి ఆగాడు. శాలువా మడత సరిచేశాడు. "మీ తమ్ముడు ఎనకాల కూర్చోని ఉండె కదా. నలుగుర్లో నా మర్యాద ఏం గావాల?"

తెలిసే నవ్వాడు. ఆరేళ్ళుగా ఆమె రాసిన ప్రతి మాటకూ అతను తెలిసే నవ్వాడు.

"నేను ఇంక రాయను," అంది.

బతిమాలతాడనుకుంది. పేరొచ్చిన భార్య కదా, కనీసం ఎందుకని అడుగుతాడనుకుంది. మత్తయి సీటుకు జారగిలబడి, పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"మంచి పని," అన్నాడు.

పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆమె చెప్పిన మాటను అతను మారుమాట లేకుండా ఒప్పుకున్నది అదొక్కటే.