రాని వంతెన కింద ఇల్లు

సిసిలీ దీవిని ఇటలీ నేల నుంచి విడదీసే మెస్సీనా జలసంధి మీద వంతెన వస్తుందని ప్లాచిదా తన పెళ్లిరోజునే విన్నది. విందులో కత్తిచేప ముక్కలు వడ్డిస్తుండగా మామగారు లేచి, ఈ ఇల్లు ఎలాగూ పోయేదేననీ, కొత్త జంట దాని మీద మరీ మమకారం పెంచుకోవద్దనీ దీవించాడు. వంతెన స్తంభం సరిగ్గా వాళ్ల వంటింట్లో దిగుతుందట. తర్వాత ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. మామగారూ పోయాడు. స్తంభం మాత్రం దిగలేదు. ఎదురుగా కనిపించే కలాబ్రియా ఒడ్డుకి జనం ఇప్పటికీ వేయించిన అన్నపు ఉండ, వేడి అరంచీనో కొరుక్కుంటూ పడవలోనే వెళ్తున్నారు.

ఆమె మొగుడు లెత్తేరియో వంతెన వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడు. బాల్కనీకి 'వంతెన వద్దు' అని బట్ట కట్టి, అది చిరిగినప్పుడల్లా కొత్తది కట్టేవాడు. ఇంటి కప్పు మీద మాత్రం ఒక్క పెంకు మార్చిన పాపాన పోలేదు. పడగ్గది కురిస్తే మంచం జరిపేవాడు. అలా జరిగీ జరిగీ ఆ మంచం ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగింది. ఈ తేమలో ఇంకో చలికాలం గడిపితే ప్లాచిదా ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పేశాడు.

"పెంకులు వేయించు," అంది ప్లాచిదా.

"వేయించొచ్చు. రేపు పడగొట్టేవాళ్లొస్తే?"

"రారని ఊరంతా అరిచేది నువ్వేగా."

"అది వీధిలో మాటే. ఇంట్లో కాస్త ముందుచూపు ఉండొద్దూ?"

"ఏమయ్యా, సంఘం అధ్యక్షుడూ నువ్వే, నా మొగుడూ నువ్వే. మీరిద్దరూ కూర్చుని ఒక మాట మీదకి రండి. ఈలోగా నేను తాపీమేస్త్రీని పిలుస్తా."

పిలిచింది. మేస్త్రీ వచ్చి పరంజా కట్టాడు. అంతే, సాయంత్రానికి వాళ్ల ఊరు టోర్రె ఫారో అంతా గుప్పుమంది. వంతెన పటంలో పడిన ఇళ్లను అక్కడ ఎవరూ ముట్టుకోరు. పోయే ఇంటికి సోకులెందుకని వాళ్ల లెక్క. అలాంటి వీధిలో ఒకడు కప్పు వేయిస్తున్నాడంటే దానికి ఒకటే అర్థం. సంఘం కార్యదర్శి, చేపల కొట్టు కోజిమో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"అన్నా, నిజం చెప్పు. ఎప్పుడు మొదలెడుతున్నారు?"

"ఏంటిరా మొదలెట్టేది?"

"వంతెన. నీకు పైనుంచి కబురందింది. పరిహారం పెంచుకోడానికి కాకపోతే ఈ పెంకులెందుకు?"

"మీ వదినకి దగ్గురా."

"ముప్పై ఏళ్ల నుంచి దగ్గుతోంది వదిన. నీకివాళే వినపడిందా?"

తలుపు వెనక నిలబడ్డ ప్లాచిదాకి ఆ క్షణంలో కోజిమో మీద కొంచెం అభిమానం కూడా కలిగింది.

సంఘం అతన్ని తీసేసింది. తీసేసినవాళ్లంతా మర్నాటి నుంచి తమ ఇళ్లకీ పరంజాలు కట్టించుకున్నారు. కట్టని వంతెన పుణ్యమా అని వీధి కళకళలాడింది.

ఆదివారం మధ్యాహ్నం జోరున వాన పట్టింది. గదిలో ఒక్క చుక్క పడలేదు. లెత్తేరియో కొత్త కప్పు కేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. వాన తగ్గాక సంఘం ఊరేగింపు కేకలు వేసుకుంటూ వీధిలోకి వచ్చింది.

"ప్లాచిదా, నిజంగానే కట్టేస్తారంటావా?"

"ఇన్నేళ్లూ దాని గురించేగా అరిచావు."

"అరిచాను. ఈ కొంప పోతే పీడా పోతుందని లోపల్లోపల అనుకునేవాణ్ణే. ఇప్పుడు భయమేస్తోంది."

అతను బాల్కనీలోకి వెళ్లి "వంతెన వద్దు" అని గొంతు చించుకుని అరిచాడు. అధ్యక్షుడిగా ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ అంత మనస్ఫూర్తిగా అరవలేదు. కిందివాళ్లు తలెత్తి చూసి పగలబడి నవ్వారు.

"బాగా నటిస్తున్నావన్నా," అన్నాడు కోజిమో.

ప్లాచిదా వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆమెకి అతని మీద జాలి కలిగింది, అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది.

"ఈ భయమేదో మన పెళ్లయిన ఏడాదే పట్టుకుని ఉంటే బాగుండేదయ్యా," అంది.