ఎవరికి వారు వేసిన దాల్చినచెక్క

దర్జీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు అతని భార్య, ఇంకొకరు అతని అక్క. ఒకే పొయ్యి దగ్గర భుజాలు రాసుకుంటూ తిరుగుతారు గాని ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఎప్పుడో ఏదో గిన్నె దగ్గర మొదలైన గొడవ. అసలేం జరిగిందని అడిగితే ఇద్దరూ తడుముకునేవారు. పట్టుదల మాత్రం చెక్కుచెదరలేదు.

కబుర్లన్నీ దర్జీ మీదుగానే నడిచేవి. "మీ అక్కగారికి వేడినీళ్లు కావాలేమో అడగండి," అని భార్య అంటే, అక్క ఆ పక్కనే నిలబడి, "అక్కర్లేదని చెప్పరా," అనేది. పాపం, ఆ మనిషి మిషన్ తొక్కుతూనే అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందించేవాడు. నోట్లో గుండుసూదులున్నప్పుడు తలూపి సరిపెట్టేవాడు.

అతనికి షుగర్ వచ్చింది. దాల్చినచెక్క పొడి తింటే షుగర్ దిగుతుందని ఫోనులో ఎవరో ఊదరగొడుతుంటే భార్య విన్నది. పక్కగదిలోంచి అక్కా విన్నది. మర్నాటి నుంచి పొద్దుటి టీలో భార్య కలిపింది, పడుకోబోయే ముందు పాలలో అక్క కలిపింది. ఎవరి డబ్బా వారిది, ఎవరి గుట్టు వారిది. వంటింట్లో ఘాటు వాసన వచ్చినా అది తన డబ్బాదే అనుకుంది భార్య.

కొన్ని నెలలకు అతనికి అన్నం సయించడం మానేసింది. మిషన్ దగ్గర కూర్చుంటే ఒకటే నీరసం. మందు చాలడం లేదు కాబోలని భార్య ఇంకో చెంచా పెంచింది. అక్కా అదే పని చేసింది. కళ్లు పచ్చబడ్డాక గాని ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు.

"ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

"మందేం కాదండీ, దాల్చినచెక్క. పొద్దున రెండు చెంచాలు," అంది భార్య.

వెనక బల్ల మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది. "రాత్రి పాలలో నేనూ రెండు వేస్తున్నానమ్మా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "వంటలో చిటికెడు వేసుకుంటే ఏం కాదు. రోజూ ఇంతింతా? పైగా ఈయన కొలెస్ట్రాల్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. లివర్ తట్టుకోలేకపోయింది."

భార్య అతను పడుకున్న మంచం మీదికి వంగింది. "రెండూ తాగారా? ఒక్క మాట చెబితే ఏం పోయేదండీ?"

"చెబితే ఎవరో ఒకరు మానాలి కదే," అన్నాడతను. "ఎవర్ని మానమనను?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మంచితనానికైనా ఒక హద్దుండాలి. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు, తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది. నోరు కట్టేసుకున్నది తామిద్దరూ. మింగింది ఆయన.

లివర్ మళ్లీ కోలుకోలేదు. వారం తిరక్కముందే అతన్ని మగత కమ్మేసింది. పిలిస్తే పలకడం లేదు. భార్య దుప్పటి కింద చెయ్యి పెట్టి చూస్తే పాదాలు చల్లగా తగిలాయి. ఆ సంగతి ఎవరిచేత చెప్పించాలో ఆమెకు తోచలేదు.

"వదినా," అంది చివరికి. "ఆ కాలు మీరు రుద్దండి. నేనిది రుద్దుతాను."

"కాస్త జరుగమ్మా, రుద్దుతాను," అంది అక్క.

ఇన్నేళ్లూ ఆ ఒక్క పలకరింపు కోసం మొహం వాచిపోయాడతను. ఇద్దరూ గట్టిగానే మాట్లాడుకున్నారు. అతనికి వినబడలేదు.