టైలరమ్మ కుర్చీ కాళ్ళు

నా కోడలు యోగా నేర్పుతుంది. మనిషి లావుగా ఉంటుంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే జనం నవ్వుతారు. మొదట్లో నేనూ లోపల నవ్వుకున్నవాణ్ణే. ఒకనాడు ఆ అమ్మాయి మోకాళ్ళు వంచకుండా వంగి అరచేతులు నేలకి ఆనించడం చూశాను. జన్మంతా వడ్రంగం చేసిన నా నడుము ఆ రోజు సిగ్గుపడింది.

కాలనీ సంఘం హాల్లో పొద్దున్నే క్లాసు. మొదటి రోజు హాలు నిండింది. వారం తిరిగేసరికి ఆరుగురు మిగిలారు. వెళ్ళినవాళ్ళలో ఒకాయన మెట్లు దిగుతూ, "టీచరే అలా ఉంది, ఇంక మనకేం తగ్గుతుంది" అన్నాడు. ఆ మాట కోడలి చెవిన పడింది.

మిగిలిన ఆరుగురూ వేరే చోట్ల 'మీవల్ల కాదు' అనిపించుకున్నవాళ్ళు. టైలరమ్మ బాగా పొట్టి, కింద కూర్చుంటే లేవలేదు. లారీ డ్రైవరు తాటిచెట్టంత మనిషి, ఒక మోకాలు పూర్తిగా ముడుచుకోదు. మిగతా నలుగురికీ తలా ఒక నొప్పి. అందుకని కోడలు వాళ్ళని హాల్లోని చెక్క కుర్చీల మీదే కూర్చోబెట్టి నేర్పసాగింది.

సంఘం సెక్రటరీకి ఇది నచ్చలేదు. ఆయన టైలరమ్మ కంటే వేలెడు కూడా పొడుగుండడు, గొంతు మాత్రం డ్రైవరంత.

"కుర్చీలో కూర్చోడానికి యోగా అని పేరెందుకమ్మా? మా ఆఫీసులో రోజంతా చేసేదదే. ఆదివారం వచ్చి చూస్తా. యోగా అనిపిస్తే సరే, లేకపోతే హాలు ఇంకొకరికి ఇచ్చేస్తాం" అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"హాలు పోతే నేనెలాగో ఉంటాను మామయ్యా. వాళ్ళు ఆరుగురూ ఎక్కడికెళ్తారు?"

"ఊఁ" అన్నాను.

"టైలరమ్మ కాళ్ళు గాల్లో ఊగుతుంటాయి. కాళ్ళు ఆనకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే ఊపిరి కుదరదు. డ్రైవరుకేమో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టున్నాయి. ఏవైనా పీటలు చేసిపెడతారా?"

"ఊఁ."

మర్నాడు ఒక చెక్క బద్ద పట్టుకుని క్లాసుకి వెళ్ళాను. ఒక్కొక్కరినీ నిలబెట్టి, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచి, బద్ద మీద గీత పెట్టాను. పేర్లు రాస్తూ కూర్చోలేదు. టైలరమ్మ గీత పక్కన కత్తెర, డ్రైవరు గీత పక్కన చక్రం బొమ్మ వేశాను. డ్రైవరు ఇదీ క్లాసే అనుకున్నాడు పాపం, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఇదేం ఆసనం?"

"కొలతాసనం. ఊపిరి వదులు."

టైలరమ్మ పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందర్నీ నేను కొలిచాను. నన్ను కొలిచింది మీరొక్కరే అన్నయ్యా."

శనివారం చెక్కలు తీసుకుని హాలుకి వెళ్ళాను. ఒక పీట తయారుచేసి కుర్చీ ముందు పెట్టి, కాలు మోపి చూశాను. జారింది. పీట జారితే పడేది మనిషి. కాసేపు కుర్చీ వంక చూశాను. రంపం తీశాను.

టైలరమ్మ కుర్చీ నాలుగు కాళ్ళూ బెత్తెడేసి కోశాను. కోసిన ముక్కలు పారేయలేదు. డ్రైవరు కుర్చీ కాళ్ళ కింద వాటినే స్క్రూలతో బిగించాను. ఆమెకి ఎక్కువైంది ఇతనికి సరిపోయింది. మిగతా నాలుగూ అలాగే కొలత ప్రకారం సరిచేసి, వీపు చెక్క వెనక ఎవరి గుర్తు వాళ్ళకి వేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆదివారం కోడలు తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆరు కుర్చీలు, ఆరు ఎత్తులు.

"మామయ్యా! ఏం చేశారిది?"

"కోశాను."

"అది కనిపిస్తూనే ఉంది! పీటలు కదా అడిగాను?"

"పీట జారుతుంది."

"ఇవి సంఘం కుర్చీలు! ఒక్క మాట అడగొద్దా?"

ఆ సంగతి నాకు తట్టలేదు. పని కనిపిస్తే చేయడమే తప్ప, వస్తువు ఎవరిదని ఆలోచించే అలవాటు లేదు.

"నా ఒళ్ళు చూసి కొందరు పోయారు. మీ రంపం చూసి ఇప్పుడు హాలే పోతుంది" అని కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. కోపం కంటే అది కష్టంగా అనిపించింది.

ఆరుగురూ వచ్చారు. టైలరమ్మ ఇంకా కూర్చోలేదు, ఇంతలో సెక్రటరీ వచ్చాడు.

"ఎవరు చేశారీ పని?"

"నేను."

"ఎందుకు?"

"ఎత్తు."

"ఎత్తేంటయ్యా ఎత్తు? రేపు నలుగురు పెద్దమనుషులొస్తే వీటి మీద ఎలా కూర్చోబెట్టను?" అంటూ చేతికందిన కుర్చీలో కూలబడ్డాడు. అది టైలరమ్మది.

ఇంకో కేక వేయబోయి, నోరు తెరిచినవాడు అలాగే ఆగాడు. కిందకి చూసుకున్నాడు. రెండు బూట్లూ నేల మీద నిండుగా ఆనాయి. ఒక కాలు ఎత్తి మళ్ళీ ఆనించాడు.

"ఈ హాల్లో ఇన్ని మీటింగులు కూర్చున్నాను..." అన్నాడు.

"లేవండి బాబూ, అది నాది. వెనక కత్తెర ఉంది చూడండి" అంది టైలరమ్మ.

"ఒక్క నిమిషం ఉండమ్మా."

"నిమిషం లేదు, గంట లేదు. కావాలంటే మీరూ చేరండి, అన్నయ్య కొలుస్తారు."

కోడలు ముందుకొచ్చింది.

"సార్, ఎలాగూ కూర్చున్నారు. కాళ్ళు నేలకి నొక్కిపెట్టి, చేతులు పైకెత్తండి. మెల్లగా ఊపిరి తీసుకోండి."

ఎత్తాడు. ఊపిరి వదిలేటప్పుడు ఆయన నోటి నుంచి "అబ్బా" అని వచ్చింది.

"యోగాయేనా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఉండవయ్యా, మధ్యలో మాట్లాడకు."

హాలు కోడలికే మిగిలింది. సెక్రటరీ కూడా క్లాసులో చేరాడు, ఆయన కుర్చీ వెనక రబ్బరు స్టాంపు బొమ్మ వేశాను. ఆఫీసులో తన కుర్చీ కూడా కోయమని నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

ఆ వారంలోనే కోడలు నా బద్ద తీసుకుని నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మీ కుర్చీ ఏది మామయ్యా?"

"నాకెందుకు? నేను వడ్రంగిని."

"కదలకండి. కొలతాసనం."

కోత నేనే కోశాను. గుర్తు మాత్రం కోడలు వేసింది. రంపమట. చూస్తే దువ్వెనలా ఉంది. అయినా రోజూ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను.