ఆమె నంబరు మీద పాతిక పెట్టెలు

ఒప్పందం కుదిరిందన్న కబురు టీ వేళకి గోదాములోకి వచ్చింది. గంటకి నూట ఇరవై పెట్టెలు కట్టేవాళ్లు ఇకమీదట తొంభై కడితే చాలు. యూనియన్ సాధించింది. అతను టేపు చుట్టని గాల్లోకి ఎగరేసి పట్టుకుని, అవతలి వరసలో ఉన్న భార్యకేసి చూశాడు. పెళ్లయి నలభై రోజులు. ఆమె నవ్వింది గానీ చేతులు ఆపలేదు. ఆమెది కాంట్రాక్టు వరస. ఒప్పందం పర్మినెంటు వాళ్లకే, కాంట్రాక్టు వాళ్లకి ఎప్పటిలాగే నూట ఇరవై.

"దొరగారు ఇక కాలు మీద కాలేసుకుని కడతారేమో," అంది సాయంత్రం బస్సులో, అతని భుజానికి ఆనుకుని.

"లేదు. నీ పెట్టెలు కడతా."

కాంట్రాక్టు వరసలో అందరికంటే ఎక్కువ కట్టినవాళ్లని పర్మినెంటు చేస్తామని సూపర్‌వైజరు ఎప్పట్నుంచో ఊరిస్తున్నాడు. అందుకని రోజూ పొద్దున ఆమె పెట్టె ఎవరు కట్టారో చెప్పే తన నంబరు చీటీల చుట్ట అతని జేబులో పెట్టేది, తాయిలం దాచినట్టు. తన తొంభై కాగానే అతను గంటకి ఇంకో పాతిక కట్టి, ఆ చీటీలు అంటించి బెల్టు మీదకి తోసేవాడు. వారం రోజులు ఇద్దరూ గాల్లో తేలారు.

ఎనిమిదో రోజు గోడ మీది తెరపై కాంట్రాక్టు వరస లెక్క మారింది. గంటకి నూట నలభై అయిదు. ఒకరు కట్టగలిగితే అందరూ కట్టగలరన్నాడు సూపర్‌వైజరు.

వరసలో ఆమె పక్కన నిలబడే పెద్దావిడని అందరూ అత్తా అనే పిలిచేవారు. ఆమెకి టేపు లాగడం నేర్పింది ఆవిడే. మూడు రోజులు తిప్పలు పడినా ఆవిడ నూట ముప్పై దాటలేకపోయింది. నాలుగో రోజు ఆవిడ కార్డుకి గేటు తెరుచుకోలేదు.

"ఎంత కట్టావే పిల్లా," అంది అత్త గేటు బయట, ఆమె వేళ్లు నిమిరి. "నేర్పినందుకు నాకు గర్వంగానే ఉందిలే."

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ యూనియన్ గదికి వెళ్లారు.

"ఆవిడ మా సభ్యురాలు కాదమ్మా," అన్నాడు కార్యదర్శి. "బయటివాళ్ల గురించి మాట్లాడితే ఉన్న ఒప్పందం పోతుంది."

"మీరు తగ్గించుకున్న పెట్టెలు ఎవరి నెత్తిన పడ్డాయనుకున్నారు బాబాయ్?" అంది ఆమె.

ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

ఇంట్లో అన్నం ముందు అతను మెల్లగా అన్నాడు. "నెలాఖరుకి నువ్వు పర్మినెంటు. నోరు విప్పితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"తెలుసు." కంచం పక్కకి జరిపింది. "రేపు ఏడింటికి గేటు దగ్గర మా వరసకంతా చెప్తా, ఆ పాతికా నావి కావని. ఆ తర్వాత నూట ఇరవైకి మించి ఎవరమూ కట్టం. అదే సమయానికి నువ్వు మీ యూనియన్ గదిలో చెప్పు, అవి కట్టింది నువ్వేనని."