జోన్ దాటిన గెలలు

పామాయిల్ రైతు తన తోటలో కాసిన గెలను తనకు నచ్చినచోట అమ్ముకోలేడు. ఏ జోన్ గెలలు ఆ జోన్ ఫ్యాక్టరీకే పోవాలి. ఆ నిబంధన పెట్టించినవాడు కంపెనీల సంఘానికి విధాన సలహాదారు వెంకటనారాయణ. కోసిన గెల రెండో రోజుకే పాడవుతుందని ఆయనకు తెలుసు. తెలిసే రాశాడు.

ఆ వానాకాలం మిషను చెడిందని ఫ్యాక్టరీ గేటు మూసింది. వేంసూరు దాటితే ఆంధ్రలో మరో ఫ్యాక్టరీ నడుస్తోంది. రైతులు ట్రాక్టర్లు అటు తిప్పారు. సరిహద్దులో పోలీసులు బారికేడ్లు అడ్డం పెట్టి ఆపేశారు. ఎక్కించిన గెలలు పులిసి వాసన కొడుతున్నాయి. నచ్చజెప్పి వెనక్కి పంపమని కంపెనీ ఖమ్మం నుంచి వెంకటనారాయణను కారులో దింపింది.

"వచ్చిండు సలహాల సారు!" ట్రాక్టర్ మీంచి ముత్తమ్మ కేకేసింది. "మొక్కలిచ్చేటప్పుడు కొత్తల్లుణ్ణి చూసినట్టు చూసిండ్రు. ఇప్పుడు గెలలేం చెయ్యాలె, కూర వండుకోమంటవా?"

జనం గొల్లుమన్నారు. అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు.

వెంకటనారాయణ ప్రతి మీటింగులో చేసేదే చేశాడు. చెయ్యెత్తాడు. "ఇట్లయితే తేలదు. మీ తరఫున ఒక్కరు ముందుకొచ్చి మాట్లాడండి."

ముత్తమ్మ కిందికి దూకి మొగుడి చెయ్యి పట్టుకుంది. "పోకయ్యా. అందర్ల నిలబడే మాట్లాడు."

"పెద్దమనిషి పిలిచిండు. పోకుంటే ఏం మర్యాద?" అన్నాడు గంగయ్య. తలపాగా విప్పి భుజాన వేసుకుని వచ్చాడు. "సారూ, గేటన్నా తెరువుండ్రి. తొవ్వన్నా ఇడువుండ్రి."

అంతే మాట్లాడాడు. ఎస్సై సైగ చేశాడు. కానిస్టేబుళ్లు గంగయ్యను జీపులోకి తోశారు.

"నాయకుడు దొరికిండు. కేసు రాయండి," అన్నాడు ఎస్సై.

"నేను పిలిస్తేనే..." అన్నాడు వెంకటనారాయణ. ఎస్సై కుర్చీ వేయించాడు. ఆయన కూర్చున్నాడు.

ముత్తమ్మ ఏడవలేదు. "ఇగ ఒక్కరు మాట్లాడేది లేదు. అందరం నడుద్దాం రండి!"

ఆడవాళ్లు ముందు, ట్రాక్టర్లు వెనక. లాఠీలు లేచాయి. తలలు పగిలాయి. పడ్డవాళ్లను లేపి నడిపించారు. గెలలు జారి రోడ్డంతా దొర్లాయి.

"మీలో ఎవడ్రా నాయకుడు?" ఎస్సై అరిచాడు. ఒక్కరూ పలకలేదు. వెంకటనారాయణ కూర్చున్న వైపు తిరిగాడు. "సార్, మీరు పిలిస్తే వస్తరు. ఇంకొకణ్ణి పిలవండి."

వెంకటనారాయణ కుర్చీలోంచి లేవలేదు. ఈలోగా బారికేడ్ పక్కకొరిగింది. మొదటి ట్రాక్టర్ దాటిపోయింది.

వారం తిరక్కుండానే ముత్తమ్మ ఖమ్మంలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నుదుటి కట్టు ఇంకా విప్పలేదు.

"జనాన్ని ఎగేసిండని మా ఆయన మీద కేసు పెట్టిండ్రు. నువ్వు పిలిస్తేనే వచ్చిండు గదా సారూ. గా ఒక్కమాట కోర్టుల చెప్తవా?"

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది.

ట్రాక్టర్లు సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. గంగయ్య ఇంకా జైల్లోనే ఉన్నాడు. వెంకటనారాయణను నిలదీయడానికి ఇంట్లో భార్య లేదు, పోయి చాలా కాలమైంది. బయట ఎవరడిగినా ఆ రోజు సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తడు.